ఈస్టరు గ్రుడ్డును, కృష్ణాతీరపు చిరివేరును

జగ్గయ్యపేటకు చేరువనున్న ధనబోడు మీద ఒక ప్రాచీన బౌద్ధస్తూపము కలదు. 1882 లో జేమ్సు బర్జెస్ దానిని పరిశోధించి లోకమునకు తెలియజేసెను. స్తూపమునందలి గుండ్రని గోళభాగమునకు శిల్పుల పరిభాషలో అండమని పేరు. అండమనగా గ్రుడ్డు. మన పూర్వులు విశ్వమంతటిని బ్రహ్మాండ మనిరి. సృష్టికి ముందున్న దానిని హిరణ్యగర్భ మనిరి. మూసియున్న పెంకు నిర్జీవముగా కనిపించును. కాని దాని లోపల ప్రాణము పొంచియుండును. క్రైస్తవులు తమ ప్రభువు సమాధిని వీడి లేచిన దినమున గ్రుడ్డును చేతబట్టుటలోని భావము ఈ భావమునకు ఎంతో దూరమైనది కాదు.

ముక్త్యాల, జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములు చిరకాలము కృష్ణాజిల్లాకు మెట్టసీమగా ఉండెను. 2022 నుండి అవి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. తెలుగుదేశమున ఈస్టరు పండుగ అనగానే స్మరణకు వచ్చునవి మట్టల ఆదివారము, శుభ శుక్రవారపు దీర్ఘారాధన, తెల్లవారుజామున సమాధుల తోటలో వెలిగించు క్రొవ్వొత్తులు. గ్రుడ్లకు రంగులు వేయుట మన క్రైస్తవ గృహములలో వీనియంతగా రూఢికి రాలేదు. అది పరదేశములందు పుట్టి పెరిగిన ఆచారము. అయినను ఆ గ్రుడ్డుకు పట్టించు రంగు మాత్రము మనకు పరాయిది కాదు. కాకసస్ పర్వతసీమలో ఈస్టరు గ్రుడ్డునకు వేయు ఎరుపును, కృష్ణానది సముద్రములో కలియు చోట మన అద్దకపువారు బట్టకు వేసిన ఎరుపును ఒక్కటే ఎరుపు. ఆ రెండిటి చరిత్రయు పందొమ్మిదవ శతాబ్దిలో ఒక్క మలుపునే తిరిగెను. ఆ సంగతిని వివరించుటయే ఈ ప్రసంగమునకు ఉద్దేశము.

ముందుగా, ఈస్టరునకును గ్రుడ్డునకును పొత్తు ఎట్లు కుదిరినదో చూతము. వసంత విషువత్తు తరువాత వచ్చు పూర్ణిమ దాటిన మొదటి ఆదివారము ఈస్టరు. పాశ్చాత్య సంఘముల లెక్కలో అది మార్చి 22 కును ఏప్రిల్ 25 కును నడుమ పడును. దానికి ముందు నలుబది దినముల తపస్కాలము. మధ్యయుగములందు ఐరోపా క్రైస్తవులు ఆ దినములలో మాంసముతో పాటు గ్రుడ్లను కూడ విసర్జించెడివారు. మనుష్యులు ఉపవాసమున్నంత మాత్రమున కోళ్లు గ్రుడ్లు పెట్టుట మానవు గదా! వసంతమున పగలు పెరుగుకొలది అవి మరింత విరివిగా పెట్టును. కావున పండుగ నాటికి ప్రతి ఇంటను గ్రుడ్లు పేరుకొనెడివి. ఉపవాసము విడుచు దినమున వానిని గుడికి కొనిపోయి ఆశీర్వదింపజేసి, బంధువులకును బీదలకును పంచి తినుట సహజముగా ఏర్పడిన ఆచారము. 1290 లో ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డు ఇంటిలెక్కలలో నాలుగువందల యేబది గ్రుడ్లకు బంగారు రేకులను, రంగులను పూయించుటకు పదునెనిమిది పెన్నీలు ఖర్చు వ్రాయబడినది. రాజు ఇంట బంగారు రేకు. సామాన్యుని ఇంట మాత్రము పెరటిలోను వంటింటిలోను దొరకు వస్తువులే రంగులు.

ప్రాక్సంఘములందు ఆ రంగులలో ఎరుపునకు అగ్రస్థానము. అది క్రీస్తు రక్తమునకు గుర్తు. గ్రీసు దేశమున పండుగకు ముందు వచ్చు గురువారమునాడు గృహిణులు గ్రుడ్లకు ఎరుపు వేయుదురు. పండుగ రాత్రి ఒకరి గ్రుడ్డుతో మరియొకరి గ్రుడ్డును తాకించి పగులగొట్టుదురు. పగిలిన పెంకు తెరువబడిన సమాధికి సంకేతము.

ఇక రంగు వేయు విధానములు. వానిలో మిక్కిలి వ్యాప్తి చెందినది ఉల్లిపొట్టు. రష్యా, లిథువేనియా, లాట్వియా, సెర్బియా మున్నగు దేశములందు గృహిణులు తపస్కాలమంతయు ఉల్లిపాయల పైపొట్టును పారవేయక కూడబెట్టుదురు. దానిని నీట మరిగించి ఆ కషాయములో గ్రుడ్లను ఉడికించినచో, పొట్టు పాళ్లను బట్టి పెంకునకు తేనెవన్నె మొదలు ముదురు ఇటుకవన్నె వరకు వచ్చును. ఒక చిన్న ఆకును పెంకునకు అంటించి పలుచని గుడ్డతో బిగించి కట్టి ఉడికించినచో, ఆకు ఉన్నంత మేర రంగు తగులక దాని ఈనెలతో సహా ముద్ర పడును. పసుపుకొమ్ము పచ్చని వన్నె నిచ్చును. అక్రోటు కాయ పైతొక్క నల్లని గోధుమవన్నె నిచ్చును. ఊదారంగు క్యాబేజీ ఆకుల రసములో గ్రుడ్డును నానవేసినచో అది నీలివన్నె తాల్చును. ఆకులోని వర్ణద్రవ్యము పులుపు తగిలిన ఎరుపుగాను, సున్నపు గుణము తగిలిన నీలముగాను మారునట్టిది. గ్రుడ్డు పెంకు సున్నముతో ఏర్పడినది. ఆ నీలిమకు కారణ మిదియే.

ఇచ్చట ఒక రహస్యము కలదు. రంగు ఉన్నంత మాత్రమున చాలదు. దానిని పట్టి నిలుపు వస్తువు మరియొకటి కావలయును. గ్రుడ్డుల విషయమున ఆ పని చేయునది పులుపు. కషాయములో రెండు చెంచాల సిర్కా కలిపినచో ఆ పులుపు పెంకు పైపొరను ఇంచుక కరగించి రంగు హత్తుకొనుటకు తావు కల్పించును. పులుపు లేకున్న రంగు చారికలు చారికలుగా పట్టును. చేతితో రాచిన పోవును. ఈ సంగతిని ఏ రసాయనశాస్త్ర గ్రంథమును చదువని పల్లెటూరి ముదుసళ్లు తరతరములుగా ఎరిగియుండిరి.

ఇప్పుడు కాకసస్ సీమకు పోవుదము. అచ్చటి జార్జియా దేశస్థులు శుభ శుక్రవారమును ఎఱ్ఱ శుక్రవారమని పిలుతురు. ఆనాడు వారు ఎన్‌డ్రో అను వేరును నీట మరిగించి అందులో గ్రుడ్లకు ఎరుపు వేయుదురు. అది మన వైద్యులెరిగిన మంజిష్ఠకు సోదరజాతి మొక్క. పండుగకు కొన్ని దినములు ముందుగా పళ్లెరములలో గోధుమలు చల్లి మొలకెత్తించి, పచ్చని ఆ మొలకల నడుమ ఎఱ్ఱని గ్రుడ్లను అమర్చుదురు. మన వివాహములలో పాలికలయందు నవధాన్యములు చల్లి మొలకెత్తించు వేడుక నెరిగినవారికి ఆ దృశ్యము క్రొత్తగా తోపదు. ఎన్‌డ్రో వేరునకు ఆ ఎరుపు నిచ్చు ముఖ్యద్రవ్యమునకు రసాయన శాస్త్రజ్ఞులు అలిజరిన్ అని పేరు పెట్టిరి. అదే ద్రవ్యము మన కృష్ణాతీరపు ఇసుకనేలలలో పెరుగు చిరివేరునందును కలదు. మంజిష్ఠ, ఎన్‌డ్రో, చిరివేరు మూడును ఒకే వృక్షకుటుంబమునకు చెందినవి.

ముక్త్యాల రేవు దాటిన కృష్ణ విజయవాడ మీదుగా పారి పులిగడ్డ చెంత చీలి సముద్రమును చేరును. ఆ ముఖద్వారమునకు ఇరువైపులనున్న ఇసుకనేలలే చిరివేరునకు పుట్టినిండ్లు. జానెడు మించి ఎదుగని ఆ మొక్కకు నారింజవన్నె గల సన్నని వేరు లోతుగా దిగును. గవ్వలు, ఆలుచిప్పలు కలిసిన నేలలో పెరిగిన వేరు మేలైన ఎరుపు నిచ్చునని ప్రసిద్ధి. పటికయు సున్నమును రెండును తోడైనప్పుడే అలిజరిన్ నిండైన ఎరుపుగా పండును. ఆ సున్నమును గవ్వల నేల సమకూర్చెడిది. పదునేడవ శతాబ్దియందు పెటపోలి అని విదేశీయులు పిలిచిన నిజాంపట్టణపు చిరివేరునకు మిక్కిలి పేరుండెను. 1611 లో ఇంగ్లీషు వర్తకులు మచిలీపట్టణమునను పెటపోలిలోను దిగుటకు ఈ ఎఱ్ఱని అద్దకపు బట్టలే ముఖ్యకారణములలో ఒకటి. మచిలీపట్టణమున కొన్ని యేండ్లు నివసించిన విలియం మెథ్‌వోల్డ్ 1626 లో అచ్చయిన తన గోల్కొండ వృత్తాంతములో, ఎంత ఉతికినను వెలవని ఈ తీరపు బట్టల రంగులను, వానికి మూలమైన ఈ వేరును ప్రత్యేకముగా పేర్కొనెను. 1795 లో వెలువడ నారంభించిన రాక్స్‌బర్గ్ గారి కోరమండల వృక్ష గ్రంథమునందును ఈ మొక్కకు స్థానము లభించినది.

గ్రుడ్డునకు పులుపు ఎట్టిదో బట్టకు పటిక అట్టిది. కాని బట్ట పని గ్రుడ్డు పనికన్న నూరురెట్లు కష్టము. మొదట నేతబట్టను పేడనీటిలో నానవైచి, ఉతికి, ఎండబెట్టి గంజి పోగొట్టుదురు. తరువాత కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఎండనిత్తురు. కరక్కాయలోని వగరు బట్టపోగును సిద్ధపరచును. పాలలోని వెన్న, అద్దిన ద్రవము గీత దాటి వ్యాపింపకుండ ఆపును. పిదప ఎరుపు కావలసిన చోట పటికనీటిని, నలుపు కావలసిన చోట బెల్లపునీటిలో ఇనుపముక్కలు నానవైచి పులియబెట్టిన నీటిని అద్దుదురు. పారునీటిలో జాడించి చిరివేరు కాగులో ఉడికింతురు. ఇందులోని వింత యేమనగా, బట్ట అంతయు ఒకే కాగులో మునిగినను, పటిక సోకిన చోటనే ఎరుపు నిలుచును. తక్కిన చోట అంటిన మరక పేడనీటికిని ఎండకును విడిచిపోవును. రంగును పూయుట గాక, రంగు నిలువవలసిన తావును ముందుగా నిర్ణయించుటయే ఈ విద్య యొక్క మర్మము.

ఈ మర్మము ఐరోపాకు చేరిన తెరువు గూర్చి చెప్పవలసి యున్నది. కూర్డూ అను ఫ్రెంచి జెస్యూట్ మతగురువు ఈ దేశమునకు వచ్చి దీర్ఘకాలము నివసించెను. ఆయన తెలుగు నేర్చి తెలుగు, సంస్కృత, ఫ్రెంచి పదములతో నిఘంటువు కూర్చిన విద్వాంసుడు. సంస్కృతమునకు గ్రీకు లాటిను భాషలతో గల బంధుత్వమును 1767 లోనే ప్యారిసు పండితులకు వ్రాసిన వాడు. ఆయన 1742 లో ఒక లేఖ వ్రాసి కరక్కాయ, గేదెపాలు, పటిక, వేరు అను క్రమమున ఈ అద్దకపు విధానము నంతటిని ఫ్రాన్సునకు తెలియజేసెను. ఈ వివరములను ఆయన తెలిసికొన్నది క్రైస్తవమతము స్వీకరించిన అద్దకపు పనివాండ్ర నుండియే. వారు తమ గురువు అడిగినందున, తాము నిత్యము చేయు పనిని దాచక వివరించిరి. ఆ లేఖ ఐరోపాలో అచ్చయినది. దానిని అచ్చటి అద్దకపు కర్మాగారములవారు శ్రద్ధతో చదివిరి. శతాబ్ది తిరుగక మునుపే యంత్రములపై అచ్చొత్తిన బట్టలు అదే సముద్రము దాటి మన రేవులకు దిగ నారంభించినవి. తెలిసినది చెప్పిన ఆ పనివాండ్రను తప్పుపట్టుటకు వీలులేదు. శ్రద్ధగా వ్రాసి పంపిన గురువును తప్పుపట్టుటయు న్యాయము కాదు. కాని ఆ జ్ఞానము వలన కలిగిన ఫలము జ్ఞానమిచ్చినవారి ఇంటికి మాత్రము చేరలేదు.

గ్రుడ్డుకళకును అద్దకమునకును గల చుట్టరికము ఎరుపుతో ముగియలేదు. ఉక్రెయిన్ దేశమున ఈస్టరునకు పిసంకా అను గ్రుడ్లను సిద్ధపరతురు. ఆ మాటకు వ్రాయబడినది అని అర్థము. కొయ్యపుల్ల కొనకు కట్టిన చిన్న లోహపు గరాటులో మైనము కరగించి, దానితో పెంకుపై గీతలు వ్రాసి, గ్రుడ్డును లేతరంగులో ముంచుదురు. మైనమున్న చోట రంగు అంటదు. మరల వ్రాసి మరింత ముదురురంగులో ముంచుదురు. చివరకు వేడి చూపి మైనమును తుడిచివేసినచో అన్ని వన్నెలును ఒక్కసారిగా వెలికివచ్చును. మన తీరమునను నీలిమందు కాగులో బట్టను ముంచుటకు ముందు, నీలము వలదనుకొన్న తావుల నెల్ల మైనముతో కప్పెడివారు. కలముతో చేయు పని యగుటచే దానికి కలంకారి యని పేరు వచ్చెను; అచ్చతెలుగున దానిని వ్రాతపని యందురు. అచ్చటి పిసంకా, ఇచ్చటి వ్రాతపని: రెండు జాతులవారును రంగు వేయుటను వ్రాయుటగానే భావించిరి. ఒకరిని చూచి ఒకరు నేర్చిరని చెప్పుటకు ఆధారము అక్కరలేదు; ఒకే చిక్కు ఎదురైన రెండు చేతులు ఒకే ఉపాయమును కనుగొనుట చరిత్రలో అరుదు కాదు.

ఇక ఆ మలుపు. 1856 లో విలియం పెర్కిన్ అను పదునెనిమిదేండ్ల లండను విద్యార్థి ఈస్టరు సెలవులలో ఇంటివద్ద చిన్న ప్రయోగశాలలో మలేరియా మందగు క్వినైనును కృత్రిమముగా చేయబూనెను. క్వినైను రాలేదు; సీసా అడుగున ఊదారంగు ద్రవ్యమొకటి మిగిలెను. అదియే బొగ్గు తారునుండి పుట్టిన మొదటి వాణిజ్యపు రంగు. 1868 లో జర్మనులగు గ్రేబె, లీబర్మన్ అనువారు వేళ్లలోని అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేసిరి. 1869 జూన్ 25 న జర్మనులును, మరునాడు పెర్కినును దానిని చవుకగా చేయు విధమునకు లండనులో హక్కుపత్రములు కోరిరి. కొలది సంవత్సరములకే ఫ్రాన్సునందలి ఆవిన్యోన్ రైతులు రంగువేరు పంటను విడువవలసి వచ్చెను. కృష్ణాతీరమున చిరివేరు త్రవ్వువారి పనియు క్రమముగా క్షీణించెను. 1864 నవంబరు 1 వ తేదీ ఉప్పెనలో సుమారు ముప్పదివేల ప్రాణములను గోల్పోయిన మచిలీపట్టణ ప్రాంతమునకు ఇది మరియొక దెబ్బ. 1897 లో కృత్రిమ నీలిమందు అంగడికి వచ్చుటతో నీలి సాగునకును అదే గతి పట్టెను.

గ్రుడ్డు కథయు అదే దారిని నడచెను. 1880 ప్రాంతమున అమెరికాలోని న్యూఆర్క్ పట్టణమున టౌన్లీ అను మందుల వ్యాపారి గ్రుడ్లకు వేయు రంగును బిళ్లలుగా చేసి ఒక్కొక్కటి అయిదు సెంట్లకు అమ్మజొచ్చెను. బిళ్లను సిర్కాలో వేసిన చాలును. ఉల్లిపొట్టు కూడబెట్టుటతో పనిలేదు. ఇందులో సౌకర్యము లేదనరాదు. చవుక రంగుల వలన బీదవాని ఇంటికిని వన్నెల బట్ట చేరినది. అయితే ఒక విద్య చేతినుండి చేతికి అందుచు బ్రతుకునట్టిదైనప్పుడు, ఒక్క తరము దానిని విడిచిన చాలును. తరువాతి తరమునకు అడుగుటకు మనిషి మిగులడు. అంగడి బిళ్ల వలన పోయినది రంగు కాదు, రంగునెరిగిన మనిషి.

అన్నిచోట్లను అట్లు జరుగలేదు. జార్జియాలో గృహిణులు ఎన్‌డ్రో వేరును నేటికిని వాడుచున్నారు. ఉక్రెయిన్‌లో సోవియట్ ప్రభుత్వము మతాచారములను అణచిన దినములలోను పిసంకా పల్లెలలోను, వలసపోయిన కుటుంబములలోను నిలిచినది. 2024 లో యునెస్కో దానిని మానవజాతి అమూర్త వారసత్వముల పట్టికలో చేర్చినది. మనదేశమున 1952 లో ఏర్పడిన అఖిల భారత హస్తకళల మండలియు, దానికి నాయకత్వము వహించిన కమలాదేవి చట్టోపాధ్యాయయు అద్దకపు పనివారికి మరల ఊపిరి పోసిరి. పెడన, మచిలీపట్టణములలో కరక్కాయ, పటికలతో బట్టకు సహజవర్ణములు వేయు కుటుంబములు నేటికిని కలవు. అయితే వారి ఎరుపునకు పలుచోట్ల అంగడి అలిజరినే ఆధారము. చిరివేరు వాడుక మిక్కిలి అరుదు.

ముక్త్యాలలోనో నందిగామలోనో ఒక గృహిణి ఈ విద్యను తన వంటింట పరీక్షింపదలచినచో కష్టమేమియు లేదు. పది పండ్రెండు ఎఱ్ఱ ఉల్లిపాయల పొడిపొట్టును లీటరు నీటిలో అరగంట మరిగించి వడపోయవలయును. కషాయము చల్లారిన పిదప రెండు చెంచాల సిర్కా గాని నిమ్మరసము గాని కలిపి, శుభ్రముగా కడిగిన ఆరు గ్రుడ్లను అందులో ఉంచి సన్నని సెగపై పండ్రెండు నిమిషములు ఉడికింపవలయును. చింతాకు రెమ్మను గాని కొత్తిమీర ఆకును గాని తడిపి పెంకునకు అంటించి, పలుచని మల్లుగుడ్డతో బిగించి కట్టినచో ఆకుముద్ర చక్కగా పడును. పచ్చవన్నెకు మూడు చెంచాల పసుపు చాలును. ఆరిన పిదప నూనె చుక్కతో తుడిచిన నిగనిగలాడును. నాటుకోడి గ్రుడ్డు పెంకు స్వతః కపిలవర్ణము గలది గనుక ముదురువన్నె తాల్చును. తెల్లగ్రుడ్డుపై రంగు స్పష్టముగా తేలును. పగిలిన గ్రుడ్లను తినరాదు. మన మెట్టసీమలో ఏప్రిల్ ఎండలు తీవ్రములు గనుక ఉడికిన గ్రుడ్లను ఆనాడే తినుట మేలు. పటిక, మంజిష్ఠ, చిరివేరు మున్నగునవి బట్టకు తగినవే కాని తిను గ్రుడ్డునకు అక్కరలేదు.

ధనబోడు స్తూపమునకు మరల ఒక్కమాట. అచ్చటి అయిదు ఆయక స్తంభములను ఇక్ష్వాకురాజగు వీరపురుషదత్తుని యిరువదియవ పాలనా సంవత్సరమున ప్రతిష్ఠించిన వాడు సిద్ధార్థుడను పనివాడు, నాగచంద్రుడను పనివాని కుమారుడు. ఆ తండ్రీకొడుకుల పేర్లు పదునేడు శతాబ్దములుగా రాతిమీద నిలిచియున్నవి. లోకమునకు వెలవని ఎరుపు నిచ్చిన చిరివేరు పనివాండ్రకు అట్టి శాసనము లేదు. వారి పనిని ఎరిగి, వీలైనంత మేర చేతితో చేసి చూచి, పిల్లలకు చూపుటయే వారికి మనము వ్రాయదగిన శాసనము.